ముందు దురద, తర్వాతే పుండు

కుక్క ఒంటి మీద ఎర్రటి మచ్చో, బొచ్చు ఊడిన చోటో కనబడగానే మన వైజాగ్‌లో అందరి నోటా వచ్చే మాట ఒక్కటే: గజ్జి. ఆ వెంటనే సలహాలు మొదలవుతాయి. వేపాకు మరగబెట్టి ఆ నీళ్ళతో కడగమని ఒకరు, డెట్టాల్ వేసి రుద్దమని ఒకరు, కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాయమని ఇంకొకరు. వీధి కుక్కయితే మెకానిక్ షెడ్డు నుంచి కాలిన ఇంజనాయిల్ తెచ్చి పోసేవాళ్ళు కూడా ఉన్నారు. ఎవరూ చెడ్డ మనసుతో చెప్పరు. కానీ ఈ సలహాలన్నిటి అడుగున ఉన్న నమ్మకం ఒకటే: రోగం చర్మం పైనే ఉంది, కడిగితేనో, రుద్దితేనో, ఏదైనా పూస్తేనో పోతుంది.

నేను చెప్పదలచుకున్నది దీనికి తిరగేసిన మాట. ఇంట్లో పెరిగే చాలా కుక్కల్లో ముందు వచ్చేది పుండు కాదు, దురద. ఆ దురద మూలం లోపల ఉంది, రోగనిరోధక కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేతాల్లో. పుండు ఆ తర్వాత వస్తుంది. చాలావరకు అది కుక్క తన గోళ్ళతో, పళ్ళతో తానే చేసుకునేది. ఈ వరస తెలియకపోతే ఏళ్ళ తరబడి పుండుకి మందు రాస్తూ, కుక్కని మాత్రం దురదకి వదిలేస్తాం.

నేను పశువైద్యుణ్ని కాను. పరవాడ ఫార్మా సిటీలో క్వాలిటీ విభాగంలో పని చేస్తాను. మందు పేరు వింటే అది ఒంట్లో ఎక్కడ, ఎలా పని చేస్తుందో చదవకుండా ఉండలేను. ఎంవీపీ కాలనీలో మా ఇంట్లో చింటూ అని ఒక లాబ్రడార్ ఉన్నాడు. వాడికి రెండేళ్ళు నిండిన వర్షాకాలంలో మొదలైంది ఇది. ముందరి కాళ్ళ వేళ్ళ మధ్య నాకడం. మేం పడుకున్నాక కూడా హాల్లోంచి ఆ చప్పుడు వినబడుతూనే ఉండేది. వేళ్ళ మధ్య లేత పసుపు బొచ్చు మెల్లగా తుప్పు రంగుకి తిరిగింది. చూసినవాళ్ళు రక్తమేమో అనుకున్నారు. రక్తం కాదు, కుక్క లాలాజలంలో ఉండే పార్ఫిరిన్ అనే రంగు పదార్థం. అదేపనిగా నాకితే బొచ్చుకి పట్టేస్తుంది. బొచ్చు విడదీసి టార్చి వేసి చూస్తే చర్మం కాస్త గులాబీగా ఉంది, అంతే. పుండు లేదు, పొక్కు లేదు, పురుగు లేదు.

"అలవాటులే, ఊసుపోక నాక్కుంటున్నాడు" అంది మా అమ్మ. చాలా ఇళ్ళలో ఇదే మాట వింటాం. కానీ 2010లో క్లాడ్ ఫావ్రో అనే పశు చర్మవైద్యుడి బృందం కుక్కల్లో అటోపిక్ డెర్మటైటిస్ అనే అలర్జీ చర్మవ్యాధిని, పొట్టిగా అటోపీని, గుర్తు పట్టడానికి కొన్ని లక్షణాలు ప్రకటించింది. మూడేళ్ళ లోపు మొదలవడం, ఎక్కువగా ఇంట్లోనే ఉండే కుక్క కావడం, మొదట్లో పుండేమీ లేకుండా దురద మాత్రమే ఉండడం, ముందరి పాదాలకీ చెవి డొప్పలకీ రావడం, చెవి అంచులకీ నడుము పైభాగానికీ రాకపోవడం లాంటివి అందులో ఉన్నాయి. "పుండు లేకుండా దురద" అన్నది వాళ్ళు ఒక లక్షణంగానే రాశారు. మనం అలవాటు అని కొట్టిపారేసే రోజులే ఆ జబ్బు తొలి రోజులు.

ఇంతకీ లోపల ఏం జరుగుతుంది? కుక్క చర్మపు పై పొర మన చర్మం కన్నా పల్చన. అటోపీ ఉన్న కుక్కలో ఆ పొరలో ఉండాల్సిన కొవ్వులు, ముఖ్యంగా సెరమైడ్లు, ఇంకా తగ్గి ఉంటాయి. ఇంటి దుమ్ములో బతికే మైట్లు అనే కంటికి కనబడని పురుగుల ప్రోటీన్లు, పుప్పొడి, బూజు రేణువులు ఆ పొర గుండా లోపలికి చేరతాయి. ఒకప్పుడు ఇవి ఊపిరితో పాటే లోపలికి వెళ్తాయనుకునేవారు. ఇప్పుడు చర్మమే ముఖ్యమైన దారి అని నిపుణులు అంటున్నారు. చర్మంలో కాపలా కాసే కణాలు వాటిని పట్టుకుని లింఫు గ్రంథులకి తీసుకెళ్ళి టి-కణాలు అనే రోగనిరోధక కణాలకి చూపిస్తాయి. మామూలు కుక్కలో గొడవ అక్కడితో ఆగిపోతుంది. అటోపీ ఉన్న కుక్కలో టి-హెల్పర్-2 అనే రకం కణాలు రెచ్చిపోయి, సైటోకైన్లు అనే చిన్న చిన్న ప్రోటీన్లని వదలడం మొదలుపెడతాయి. నేను సంకేతాలు అంటున్నది వీటినే.

వీటిలో ఇంటర్‌ల్యూకిన్-4, 13 ఒక జంట. ఇవి బి-కణాలు అనే ఇంకో రకం రోగనిరోధక కణాలని ఐజీఈ అనే అలర్జీ యాంటీబాడీలు తయారు చేసేలా మళ్ళిస్తాయి. చర్మపు పొర గట్టిగా ఉండడానికి కావలసిన ప్రోటీన్ల తయారీని తగ్గిస్తాయి. అంటే అసలే పల్చగా ఉన్న పొరని ఇంకా పల్చన చేస్తాయి, దాంతో ఇంకొంచెం దుమ్ము లోపలికి పోతుంది. పైగా చర్మం సొంతంగా చేసుకునే సూక్ష్మజీవి నాశకాల మీదా వీటి ప్రభావం పడుతుంది. కుక్క చర్మం మీద మామూలుగానే ఉండే స్టఫిలోకాకస్ సూడింటర్మీడియస్ అనే బాక్టీరియా దీన్ని అదనుగా తీసుకుని పెరుగుతుంది.

ఇంటర్‌ల్యూకిన్-31 (పొట్టిగా ఐఎల్-31) సంగతి వేరు, నాకు దీనంత ఆశ్చర్యం కలిగించింది ఇంకోటి లేదు. ఇది సూటిగా నరంతోనే మాట్లాడుతుంది. దురదని మోసుకెళ్ళే నరాల మీద దీన్ని అందుకునే రిసెప్టర్లు ఉన్నాయి. ఐఎల్-31 వెళ్ళి అక్కడ అతుక్కోగానే లోపల జేనస్ కైనేజ్ అనే ఎంజైములు, పొట్టిగా జాక్, పని మొదలుపెడతాయి. వెన్నుపాము మీదుగా మెదడుకి దురద కబురు చేరుతుంది. మధ్యలో పుండు అవసరం లేదు, వాపు అవసరం లేదు. టార్చి వేసి చూస్తే ఏమీ కనబడని పాదాన్ని కుక్క గంటల తరబడి ఎందుకు నాకుతుందో దీంతో అర్థమవుతుంది.

ఐఎల్-31 గురించి మొదట తెలిసింది 2004లో. ఎలుకల్లో ఆ ప్రోటీన్ ఎక్కువగా తయారయ్యేలా చేస్తే అవి గోక్కుని గోక్కుని బొచ్చు ఊడగొట్టుకున్నాయి. 2013లో కుక్కల మీద పరిశోధన వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న బీగిల్ కుక్కలకి ఐఎల్-31 ఎక్కిస్తే గోకుడు మొదలైంది. అటోపిక్ డెర్మటైటిస్ ఉన్న పెంపుడు కుక్కల రక్తం పరీక్షిస్తే 57 శాతం కుక్కల్లో అది దొరికింది, ఆరోగ్యమైన వాటిలో దొరకలేదు. ఈ 57 అంకెని నేను రెండు వైపులా చదువుతాను. సగానికి పైగా కుక్కల్లో దురదకి ఒక పేరు, ఒక ఆచూకీ దొరికిందని ఒక వైపు. మిగిలిన వాటిలో ఇదొక్కటే కథంతా కాకపోవచ్చని రెండో వైపు. ఏ ఒక్క మందునీ సంజీవనిలా చూపించి అమ్మేవాళ్ళు ఈ రెండో వైపు చెప్పరు.

ఇక గోకుడు మొదలయ్యాక ఏమవుతుందో చూడాలి, ఎందుకంటే పుండు పుట్టేది అక్కడే. గోరు తగిలిన చోట చర్మ కణాలు దెబ్బతిని తామే కొన్ని సంకేతాలు వదులుతాయి. టీఎస్‌ఎల్‌పీ, ఐఎల్-33 అలాంటివి. అవి మళ్ళీ అదే టి-హెల్పర్-2 కణాలని ఎగదోస్తాయి, మళ్ళీ ఐఎల్-31, మళ్ళీ దురద. కొన్ని నెలలు ఇలా సాగితే ఇంటర్‌ఫెరాన్-గామా లాంటి వేరే జట్టు సంకేతాలు కూడా వచ్చి చేరతాయి. చర్మం మందంగా, నల్లగా, ముడతలు పడి తయారవుతుంది. చంకల్లోనూ పొట్ట కింద అలా నల్లబడిన కుక్కల్ని మీరూ చూసే ఉంటారు. అప్పటికి ఒక్క సంకేతాన్ని ఆపితే సరిపోదు. మొదట్లోనే దురదని ఆపాలని నేనింత గట్టిగా అనడానికి కారణం ఇదే.

మన ఊరి గాలి సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. దుమ్ము మైట్లు నీళ్ళు తాగవు, గాలిలో తేమని పీల్చుకుని బతుకుతాయి. గాలి పొడిగా ఉంటే ఎండి చస్తాయి, తేమ ఉంటే పరుపుల్లో, సోఫాల్లో, కుక్క పడుకునే గోనెసంచిలో హాయిగా పెరుగుతాయి. సముద్రం పక్కన ఉన్న విశాఖలో వాటికి ఏడాదిలో ఎక్కువ నెలలు పండగే. తేమతో వచ్చే ఇంకో తంటా మలసీజియా అనే ఈస్టు. చెవుల్లో, వేళ్ళ మధ్య, మెడ ముడతల్లో పెరుగుతుంది. చెవి డొప్ప ఎత్తితే పులిసిన ఇడ్లీ పిండి లాంటి వాసన కొడుతుంది, వేలికి జిడ్డుగా గోధుమరంగు మడ్డి అంటుకుంటుంది. ఈ ఈస్టుకి కూడా అలర్జీ వచ్చే కుక్కలున్నాయి, అంటే అది మళ్ళీ అదే మంటలో చేరుతుంది. బీచిలో ఆడించి తెచ్చాక ఉప్పునీళ్ళు, ఇసుక మంచినీళ్ళతో కడిగి వేళ్ళ మధ్య పొడిగుడ్డతో తుడవమని నేను అందరికీ చెబుతుంటాను. తడిగా వదిలేయడం కన్నా కడగకపోవడమే నయం.

ఇప్పుడు మందుల దగ్గరికి వద్దాం. నాకు కోపం వచ్చేది ఇక్కడే. గోకుతున్న కుక్కని తీసుకెళ్తే చాలాచోట్ల జరిగేది ఒకటే: చర్మం గీసి చూడరు, చెవి మడ్డి స్లైడు మీద పెట్టి చూడరు, ఒక ఇంజెక్షన్ పొడుస్తారు. సాయంత్రానికి గోకుడు ఆగుతుంది. కొన్ని వారాలకి మళ్ళీ మొదలవుతుంది, మళ్ళీ అదే ఇంజెక్షన్. చింటూకి ఒక క్లినిక్‌లో ఇలాగే సాగింది. చీటీ మీద మందు పేరు కూడా రాయలేదు. అడిగితే "అలర్జీ ఇంజెక్షనండీ" అన్నారు. అది స్టెరాయిడ్. నీళ్ళు బకెట్లు బకెట్లు తాగడం, రాత్రి హాల్లోనే మూత్రం పోసేయడం, అన్నం ఎంత పెట్టినా చాలకపోవడం చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది.

స్టెరాయిడ్‌ని తిట్టడం నా ఉద్దేశం కాదు. ఒక్కసారిగా చర్మమంతా ఎర్రబడి మండుతున్నప్పుడు కొద్ది రోజులు ఇస్తే అంత చవకగా, అంత త్వరగా పనిచేసే మందు లేదు. అది సంకేతాలన్నిటినీ ఒకేసారి అణిచేస్తుంది. బలం అదే, ఇబ్బందీ అదే. నెలల తరబడి సాగితే చర్మం పల్చబడుతుంది, కండరం కరుగుతుంది, ఒంట్లో సొంతంగా స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు ఆ పని మానేస్తాయి. హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి కూడా రావచ్చు. ఏం ఇస్తున్నారో యజమానికి చెప్పకుండా ఇవ్వడమే తప్పు. ఎందుకంటే దాన్ని నెమ్మదిగా తగ్గించాలని కూడా ఆ యజమానికి తెలియదు.

సెట్రిజిన్ ఇచ్చి తగ్గలేదని బాధపడేవాళ్ళకి ఒక మాట. అటోపీ దురదలో హిస్టమిన్ అనే అలర్జీ రసాయనం పాత్ర చిన్నది. హిస్టమిన్‌ని ఆపే మాత్ర ఐఎల్-31ని ఆపదు. అందుకే చాలా కుక్కల్లో దానివల్ల పెద్ద తేడా కనబడదు.

ఓక్లాసిటినిబ్ అనే దురద మాత్రకి అమెరికాలో 2013లో అనుమతి వచ్చింది. అది ఇందాక చెప్పిన జాక్ ఎంజైముల్లో ముఖ్యంగా జాక్-1 మీద పనిచేస్తుంది. ఐఎల్-31తో పాటు 4, 13 లాంటి సంకేతాలు కూడా ఆ దారినే వెళ్తాయి కాబట్టి ఒక్కరోజులోనే గోకుడు తగ్గడం కనబడుతుంది. మొదట రోజుకి రెండుసార్లు, 14 రోజులు మించకుండా, ఆ తర్వాత రోజుకి ఒకసారి. ఏడాది నిండని పిల్లలకి ఇవ్వకూడదు, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఇవ్వకూడదు, కంతులున్న కుక్కలో జాగ్రత్త అని దాని లేబుల్ మీదే రాసి ఉంటుంది. లోకివెట్‌మాబ్ ఇంకో రకం. అది కుక్కకి సరిపడేలా తయారుచేసిన యాంటీబాడీ, రక్తంలో తిరుగుతున్న ఐఎల్-31ని మాత్రమే పట్టుకుంటుంది, ఇంకేదీ ముట్టుకోదు. ఒక ఇంజెక్షన్ నాలుగు నుంచి ఎనిమిది వారాలు పనిచేస్తుంది. అమెరికాలో దానికి పూర్తి లైసెన్సు 2016లో వచ్చింది. ఇదే ఐఎల్-31 దారిని మూసే నెమోలిజుమాబ్ అనే మందు మనుషులకి మొదట జపాన్‌లో అందింది, అది 2022లో. మనిషికన్నా ముందు కుక్కకే ఈ ఊరట దొరికింది. కుక్కల వైద్యం అంటే మన మందుల్లో మిగిలినవి తక్కువ మోతాదులో ఇవ్వడమే అనుకునేవాళ్ళు ఇది తెలుసుకోవాలి.

అయితే కొత్త మందు వచ్చింది కదా, గోకే ప్రతి కుక్కకీ ఆ మాత్ర ఇచ్చేద్దామంటే అదీ పాత తప్పే, ఖరీదు పెరిగిందంతే. దురదలన్నీ అటోపీ కాదు. నడుము మీద, తోక మొదట్లో గోకుతుంటే ముందు ఫ్లీల (బొచ్చులో తిరిగి రక్తం పీల్చే పురుగుల) మీద అనుమానపడాలి. చెవి అంచు పట్టుకుని వేళ్ళతో రుద్దితే వెనక కాలు దానంతటదే గోకుతున్నట్టు ఆడితే అది సార్కాప్టిస్ మైటు, అంటే నిజమైన గజ్జి కావచ్చు. ఇది మనుషులకీ అంటి చేతుల మీద దద్దుర్లు తెస్తుంది. డెమోడెక్స్ అని ఇంకో మైటు ఉంది. ఇమ్యూనిటీ తగ్గితే పెరిగేది అది, దానికి స్టెరాయిడ్ ఇస్తే నిప్పులో నెయ్యి పోసినట్టే. చేపల రేవు దగ్గరా, పూర్ణా మార్కెట్ వెనకా బొచ్చంతా ఊడి తిరిగే వీధి కుక్కల్లో చాలావాటికి ఉన్నది మైట్ల జబ్బే కావచ్చు. మైట్లని చంపే ఫ్లూరలానర్ లాంటి ఒక్క మాత్ర పన్నెండు వారాలు పనిచేస్తుంది. అలాంటి కుక్క మీద ఇంజనాయిల్ పోస్తే అది నాక్కుంటుంది, ఆ విషం కడుపులోకి పోతుంది. పోసే చేతిని పట్టుకుని ఆపమని నేను అడుగుతున్నాను.

తిండి సంగతి కూడా తేల్చుకోవాలి, దీనికి రక్తపరీక్షతో పని జరగదు. కుక్క ఎప్పుడూ తినని ప్రోటీన్‌తోనో, ప్రోటీన్‌ని చిన్న ముక్కలుగా విరగ్గొట్టిన హైడ్రొలైజ్డ్ దాణాతోనో ఎనిమిది వారాలు పెట్టి, తగ్గితే మళ్ళీ పాత తిండి పెట్టి చూడాలి. కుక్కల్లో తిండి అలర్జీకి ఎక్కువగా కారణమయ్యేవి గొడ్డుమాంసం, పాలు, కోడి, గోధుమ. మన ఇళ్ళలో కుక్క తినేది పెరుగన్నం, కోడికాళ్ళు, బిస్కెట్టు! వారానికి నాలుగుసార్లు చేప వండే ఇంట్లో చేప కొత్త ప్రోటీన్ అవదు. ఈ ఎనిమిది వారాలు ఇంట్లో అందరి చేతులూ కట్టేయాలి. మా నాన్నగారు టీ తాగుతూ కింద పడేసే మేరీ బిస్కెట్ ముక్క ఒక్కటి చాలు, పరీక్షంతా మొదటికి రావడానికి. ఆయనతో గొడవపడ్డాను, అవసరమైతే మళ్ళీ పడతాను.

వీటన్నిటినీ ఒకటొకటిగా పక్కన పెట్టాక మిగిలేదే అటోపీ. రక్తంలో ఐజీఈ చూసే అలర్జీ టెస్టుతో జబ్బు తేల్చకూడదు. ఇమ్యునోథెరపీకి (అలర్జీ తెచ్చే పదార్థాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే చికిత్సకి) వెళ్ళాలనుకుంటే ఏ అలర్జెన్లు వాడాలో ఎంచుకోవడానికే అది పనికొస్తుంది. ఆ థెరపీ పనిచేస్తుందో లేదో తెలియడానికి ఏడాది వరకూ పట్టొచ్చు. అయినా మూలం వైపు వెళ్ళే దారి అదొక్కటే కాబట్టి, చిన్న వయసు కుక్కకి దాని గురించి డాక్టరుగారితో మాట్లాడడం మంచిది.

"కుక్కకి ఇంత ఖర్చా?" అని అడుగుతారు. లాబ్రడార్, పగ్, షీ జూ లాంటి జాతుల్ని వేలు పోసి కొనేది మనమే, వాటిలో అటోపీ ఎక్కువన్న మాట కొనేటప్పుడు అడగనిదీ మనమే. అదలా ఉంచి, ఖర్చంతా అసలు జబ్బుకే అవదు. గోకుడు ఆపకపోవడం వల్ల వచ్చిన ఇన్‌ఫెక్షన్‌కీ, దానికి సగం కోర్సు వాడి మానేసిన యాంటీబయాటిక్‌కీ, ఆ తర్వాత ఆ మందుకి లొంగని బాక్టీరియాకీ అవుతుంది. క్లోర్‌హెక్సిడిన్ అనే సూక్ష్మజీవి నాశకం ఉన్న షాంపూ వారానికోసారి వేసి, నురగ పది నిమిషాలు ఉంచి కడిగితే చాలా కుక్కలకి ఆ అవసరమే తక్కువ పడుతుంది. పది నిమిషాలంటే నిజంగా పది నిమిషాలు, గడియారం చూసి. వేడినీళ్ళు వద్దు, మన సబ్బులు వద్దు.

దురదని కొలవచ్చు కూడా. సున్నా నుంచి పది దాకా ఒక గీత గీసి, ఈ రోజు వాడు ఎంత గోక్కున్నాడో దాని మీద గుర్తు పెట్టడం. పరిశోధనల్లో యజమానుల చేత కూడా ఇలాంటి స్కేలు మీదే మార్కులు వేయిస్తారు. రాత్రి రెండింటికి నాకుతున్న చప్పుడు విన్నది మీరు, డాక్టరుగారు కాదు. నిద్ర లేచి గోక్కుంటే ఎక్కువ వేయండి, తినడం ఆపి గోక్కుంటే ఇంకా ఎక్కువ వేయండి. ఆ కాగితం, పాదాలవీ చెవులవీ ఫోటోలు, ఇప్పటిదాకా వేసిన మందుల పేర్లు పట్టుకుని వెళ్ళండి. ఇంజెక్షన్ ఎత్తకముందే చర్మం గీసి, చెవి మడ్డి తీసి మైక్రోస్కోపు కింద చూడమని అడగండి. ఏం ఇస్తున్నారో చీటీ మీద రాయించుకోండి. మైక్రోస్కోపు లేదంటే, ఉన్న చోటికి తీసుకెళ్ళండి.